వేగం వైరులో లేదు, తొడుగులో ఉంది

చీకట్లో నడుస్తుంటే కాలి చిటికెన వేలు మంచం కోడుకి ఠపీమని తగులుతుంది. తగిలిన సంగతి వెంటనే తెలిసిపోతుంది. 'అయిపోయింది, ఇప్పుడు మొదలవుతుంది చూడు' అనుకునేంత టైమ్ కూడా దొరుకుతుంది. ఆ తర్వాతే ఆ సలుపు నొప్పి వస్తుంది.

వేలు ఒకటే, దెబ్బ ఒకటే. మరి రెండు మెసేజ్‌లు వేర్వేరు టైమ్‌లకి ఎందుకు చేరాయి? వాటిని మోసే తంతువులు వేరు కాబట్టి. స్పర్శను మోసేవి సెకనుకి 35 నుంచి 75 మీటర్ల వేగంతో వెళ్తాయి. సలుపును మోసే సన్న తంతువుల వేగం సెకనుకి ఒకటి, మహా అయితే రెండు మీటర్లు. కాలి నుంచి మెదడుకి మీటరున్నర దూరం. లెక్క మీరే వేసుకోండి.

నెట్‌వర్క్ స్లో అయితే మాకు ముందు తట్టే ఐడియా లావు కేబుల్ వేయడం. సముద్రంలో ఉండే స్క్విడ్ అదే చేసింది. దాని పెద్ద నరం తంతువు దాదాపు ఒక మిల్లీమీటరు మందం ఉంటుంది. అంత లావు కాబట్టే హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు అందులోకి ఎలక్ట్రోడ్ దూర్చి, నరం ఎలా పనిచేస్తుందో 1952లో లెక్కలతో సహా చెప్పారు. 1963లో నోబెల్ అందుకున్నారు.

వాళ్లు చూపించింది ఏంటంటే, నరంలో కరెంటు రాగి తీగలో పారినట్టు పారదు. తంతువు లోపలికీ బయటికీ 70 మిల్లీవోల్టుల దాకా తేడా ఉంటుంది. ఒకచోట చిన్న గేట్లు తెరుచుకుని సోడియం లోపలికి దూకుతుంది. ఆ కుదుపుకి పక్క గేట్లు తెరుచుకుంటాయి. వరసగా నిలబెట్టిన పేకముక్కలు ఒకదాన్నొకటి పడేసినట్టు సిగ్నల్ ముందుకెళ్తుంది. కాకపోతే ఈ ముక్కలు క్షణంలో మళ్లీ లేచి నిలబడతాయి.

ఇంత చేసినా స్క్విడ్ స్పీడు సెకనుకి పాతిక మీటర్లే. మనలో మిల్లీమీటరులో 50వ వంతు మందం ఉన్న తంతువు సెకనుకి వంద మీటర్లు దాటిస్తుంది. ఎలా? ష్వాన్ కణాలు అనేవి ఆ తంతువుకి పొరలు పొరలుగా చుట్టుకుని కొవ్వు తొడుగు వేస్తాయి. దాని పేరు మైలిన్. తొడుగుకీ తొడుగుకీ మధ్య చిన్న ఖాళీలుంటాయి. గేట్లు ఎక్కువగా ఆ ఖాళీల దగ్గరే ఉంటాయి కాబట్టి సిగ్నల్ గెంతుకుంటూ పోతుంది. సలుపును మోసే తంతువులకి ఈ తొడుగు లేదు, అందుకే లేటు.

తొడుగు పోతే ఏమవుతుందో చెప్పే జబ్బు గులియన్-బారే సిండ్రోమ్, జీబీఎస్. 2025 జనవరిలో పుణెలో ఒక్కసారిగా కేసులు పెరిగినప్పుడు మనందరం ఆ పేరు విన్నాం. విరేచనాలో జలుబో వచ్చి తగ్గాక, ఆ క్రిమితో పోరాడిన రోగనిరోధక వ్యవస్థే పొరపాటున నరాల మీద పడుతుంది. కలుషిత నీళ్లు, ఆహారం ద్వారా వచ్చే క్యాంపైలోబాక్టర్ బ్యాక్టీరియా దీనికి ఒక ముఖ్య కారణం. దాని పైపూతలో కొంత భాగం అచ్చం మన నరాల పైనుండే పదార్థంలా ఉంటుంది. కొందరిలో తొడుగు దెబ్బతింటుంది, కొందరిలో లోపలి తంతువే దెబ్బతింటుంది.

మంచి విషయం ఏంటంటే, ష్వాన్ కణాలు తొడుగును మళ్లీ చుట్టగలవు. వారాలు, నెలలు పట్టొచ్చు కానీ ఎక్కువమంది మళ్లీ నడుస్తారు. లోపలి తంతువే దెబ్బతింటే కోలుకోవడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టొచ్చు. ఈలోగా మనిషిని కాపాడుకోవాలి. ఊపిరి కండరాలకీ సిగ్నల్ అందకపోతే వెంటిలేటర్ కావాలి. ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్లు గానీ, ప్లాస్మా మార్పిడి గానీ మొదటి రెండు వారాల్లో మొదలుపెడితేనే ఎక్కువ మేలు.

కాబట్టి రెండు కాళ్లలో తిమ్మిర్లు మొదలై, రోజురోజుకీ బలం తగ్గుతూ పైకి పాకుతుంటే, నిన్న ఎక్కిన మెట్లు ఇవాళ ఎక్కలేకపోతుంటే, 'నీరసమేలే, బి12 తక్కువేమో' అని ఇంట్లో కూర్చోకండి. ఐసీయూ, న్యూరాలజిస్టు ఉన్న ఆస్పత్రికి అదే రోజు వెళ్లండి. మింగడం, ఊపిరి తీయడం కష్టమైతే ఒక్క నిమిషం కూడా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.