షెడ్డులోంచి వెండితెర దాకా

'ఫాంటాసియా' పేరు వినే ఉంటారు. 1940లో వాల్ట్ డిస్నీ నిర్మించిన బొమ్మల చిత్రం. సంగీతం తెర వెనక నుంచే కాదు, హాలు నలుమూలల నుంచీ వినిపించాలని ఆయన ముచ్చట పడ్డారు. ఆ కొత్త శబ్ద యంత్రాంగాన్ని పరీక్షించేందుకు డిస్నీ కంపెనీ ఎనిమిది ఆసిలేటర్లు కొన్నది. ఎవరి దగ్గరనుకున్నారు? ఓ అద్దె ఇంటి కారు షెడ్డులో దుకాణం తెరిచిన ఇద్దరు కుర్రాళ్ల దగ్గర!

కాలిఫోర్నియాలో పాలో ఆల్టో అనే ఊరు. ఆడిసన్ అవెన్యూలో 367 నంబరు ఇల్లు. 1938లో నెలకి 45 డాలర్ల అద్దెకి దిగారు డేవ్ పాకార్డ్ దంపతులు, ఆయన స్నేహితుడు బిల్ హ్యూలెట్. దంపతులకి కింది వాటా. బ్రహ్మచారి హ్యూలెట్‌కి పెరట్లో చిన్న కొట్టు. ఇక షెడ్డు... 12 అడుగులు బై 18 అడుగులు. కారు పెడితే మనిషి మసలడం కష్టం. వీళ్లు కారు మాట మరిచి పనిబల్ల వేశారు, డ్రిల్లు మెషీను దించారు. పరికరాలకి వేసిన రంగు గట్టిపడాలంటే కాల్చాలి కదా, దానికి శ్రీమతి పాకార్డ్ గారి వంటింటి ఓవెనే గతి. ఆ తల్లి ఓర్పుకి దణ్ణం పెట్టాలి!

అన్నట్టు డిస్నీ కూడా షెడ్డు మనిషే. 1923లో లాస్ ఏంజెలిస్ వచ్చి, బాబాయి రాబర్ట్ గారింటి షెడ్డులో పని మొదలుపెట్టాడు.

హ్యూలెట్-పాకార్డ్ కంపెనీ ఆ పాత ఇంటిని 2000లో కొని, 2005 నాటికి బాగు చేయించింది. నాకు నచ్చిందేమిటంటే, పాలరాళ్లూ అద్దాలూ బిగించలేదు. 1939లో ఎలా ఉండేదో అలాగే నిలబెట్టారు. అవే చెక్క గోడలు, ఆ కాలపు తరహా పనిముట్లు. లోపలికి మాత్రం మనల్ని రానివ్వరు, రోడ్డు మీద నించుని చూసుకోవాల్సిందే.

మనమో? 'మాయాబజార్' (1957) తీసిన మద్రాసు వాహినీ ఆవరణలో ఇప్పుడు ఆస్పత్రి ఉంది, షాపింగ్ మాల్ ఉంది. ఒక్క ఫ్లోరైనా ఉంచేస్తే ఎవరి సొమ్ము పోయేదండీ!

సరే, మీ ఇంటి షెడ్డు సంగతికొద్దాం. షార్ట్ ఫిల్ము తీస్తామనీ, డబ్బింగుకి చోటు లేదనీ గొడవ పెట్టే కుర్రకారు ఉన్నారుగా? ఓ ఆదివారం సామానంతా బయట పెట్టండి. పాత టైర్లు, చిరిగిన పరుపు, నాన్నగారి చెడిపోయిన స్కూటరు... అన్నీ. అమ్మని అడక్కుండా ఏదీ పాతసామాన్ల వాడికి వెయ్యకండి సుమా! ముందు కప్పు కారుతోందేమో చూసుకుని, తర్వాత సున్నం. బల్ల గోడకి ఆనించండి, నడుమ ఖాళీ ఉంచండి. అరుదుగా వాడేవి అటక మీదికి. రంగు డబ్బాలు, పెట్రోలు మాత్రం వైర్లకి దూరంగా పెట్టాలి.

రేకు షట్టరు మహా మోత. మాట్లాడితే గొంతు నూతిలోంచి వచ్చినట్టుంటుంది. పాత బొంతలు నాలుగు గోడలకి వేలాడదియ్యండి, సగం మోత చచ్చిపోతుంది. వానాకాలం పైకప్పు రేకుల చప్పుడుకి మాత్రం బొంతలు చాలవు. ఆ రోజు డబ్బింగు మానేసి, స్క్రిప్టు రాసుకోండి.