సలుపు అంటే ఏమిటి నాన్నా?

మేముండే షాంటిలీ డల్లెస్ విమానాశ్రయానికి కూతవేటు దూరం. పొద్దస్తమానం నెత్తి మీంచి విమానాలు పోతూనే ఉంటాయి. వాటిలోంచే ఏటా మా వీధి సగం ఇళ్ళకి అమ్మానాన్నలు దిగుతుంటారు. మామూలుగా ఎండాకాలంలో వస్తారు. రెండేళ్ళ కిందట మా అమ్మ మాత్రం అక్టోబరులో వచ్చింది. చలికి తట్టుకోలేవే అంటే, మంచు చూడకుండా అమెరికా ఎందుకురా అంది.

చూసింది. జనవరిలో ఓ రోజు రెండంగుళాలు పడింది. ఇక్కడ రెండంగుళాలకే బడులు మూసేస్తారు, ఆఫీసులు మాత్రం మూయరు. నేను రెస్టన్‌లో క్లయింటు దగ్గర, మా ఆవిడ డీసీలో. ఇంట్లో అమ్మా, పదమూడేళ్ళ మా అమ్మాయీ. భోజనాలయ్యాక అమ్మకి కడుపులో నొప్పి మొదలైంది. మా అమ్మాయి నాకు రెండుసార్లు ఫోన్ చేసింది. మీటింగులో ఉన్నానని ఎత్తలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే కోపం వస్తుంది. అది ఇంక నాకోసం చూడకుండా 911 కి చేసింది.

అంబులెన్సులో వాళ్ళు అడగాల్సినవన్నీ అడిగారు. నొప్పి ఎలా ఉంది? మంటా? పొడుస్తున్నట్టా? ఎక్కడ మొదలై ఎక్కడికి పాకుతోంది? మా అమ్మాయి నాన్నమ్మ వైపు తిరిగి "నొప్పి ఎలా ఉంది?" అని అడిగింది. అమ్మ చెప్పింది: "ముందు కలుక్కుమందమ్మా. ఆ తర్వాత పోటు. ఇప్పుడు ఈపంతా గుంజేస్తంది, కుడి రెక్క కింద సలుపుతంది."

ఒక డాక్టరుకి ఇంతకంటే ఏం కావాలి? ఎలా మొదలైంది, ఎలా మారింది, ఎక్కడికి పాకింది, అన్నీ అందులో ఉన్నాయి. మా అమ్మాయి వాళ్ళ వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పింది: నొప్పిగా ఉందట, చాలా.

ఆసుపత్రిలో నర్సు ఒక టాబ్లెట్ తెచ్చి అమ్మ ముందు పెట్టిందట. అందులో ఒక తెలుగావిడ. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు కాబట్టి చెప్తున్నాను. 2010 నాటి ఆరోగ్య సంస్కరణల చట్టం కింద 2016లో వచ్చిన నిబంధనల ప్రకారం, ఫెడరల్ డబ్బు తీసుకునే ఆసుపత్రులు ఇంగ్లీషు సరిగా రాని రోగికి ఉచితంగా దుబాసీని ఏర్పాటు చెయ్యాలి. ప్రాణం మీదికొచ్చిన పరిస్థితిలో తప్ప చిన్నపిల్లలతో ఆ పని చేయించకూడదు. 2024లో తిరగరాసిన నిబంధనల్లోనూ ఈ మాట ఉంది. 2025 మార్చిలో ఇంగ్లీషుని అధికార భాషగా ప్రకటిస్తూ అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చాక, ఇంక ఇవేవీ ఉండవేమోనని మా స్నేహితులు కొందరు అనుకున్నారు. దాంతో రద్దయింది 2000లో క్లింటన్ ఇచ్చిన వేరే ఉత్తర్వు. ఆసుపత్రులకి వర్తించేది కాంగ్రెసు చేసిన చట్టం. కాబట్టి మీవాళ్ళని తీసుకెళ్ళినప్పుడు "తెలుగు ఇంటర్‌ప్రిటర్ కావాలి" అని మొహమాటపడకుండా అడగండి.

ఆ టాబ్లెట్లోని ఆవిడ "నొప్పి తీవ్రత ఒకటి నుంచి పది వరకు ఎంత?" అని అడిగిందట. "తీవ్రతంటే ఏటమ్మా?" అంది మా అమ్మ. ఆవిడ తెలివైనది, వెంటనే మాట మార్చింది. "ఒకటంటే ఉండీ లేనట్టు, పదంటే ఓర్చుకోలేనంత. మీకెంతుంది?" అమ్మ కాసేపు ఆలోచించి "పురిటి నొప్పులు పదైతే ఇది ఏడు" అందట. అక్కడున్న నర్సులు ఇప్పటికీ ఆ కొలబద్ద వాడుతున్నారేమో!

పిత్తాశయంలో రాళ్ళు. మర్నాడు ఆపరేషను, మూడోనాటికి ఇంట్లో ఉంది. కథ సుఖాంతమే. (విజిటర్ ఇన్సూరెన్సు కథ వేరే ఉంది, అది సుఖాంతం కాదు.)

ఆ రాత్రి ఆసుపత్రి నుంచి ఇంటికొస్తుంటే కారులో మా అమ్మాయి ఏడ్చింది. నాన్నమ్మ అన్ని మాటలు చెప్పింది, నా దగ్గర ఒక్క మాటే ఉంది నాన్నా అంది, ఇంగ్లీషులో. కాసేపాగి "సలుపు అంటే ఏమిటి నాన్నా?" అంది, తెలుగులో.

'థ్రాబింగ్' అని చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ ఆ క్షణాన నాకూ ఆ మాట తట్టలేదు. "గోరుచుట్టు లేచినప్పుడు వేలిలోపల గుండె కొట్టుకుంటున్నట్టుంటుంది చూడు, అదీ" అన్నాను.

అలాగని మా అమ్మాయికి తెలుగు రాదనుకునేరు. ఆరేళ్ళుగా ఆదివారం తెలుగు క్లాసుకి వెళ్తోంది. గుణింతాలు, ఒత్తులు నాకంటే గుండ్రంగా రాస్తుంది. వేమన పద్యాలు పది పన్నెండు తడుముకోకుండా అప్పజెప్తుంది. ఉగాదికి స్టేజీ ఎక్కితే చప్పట్లే చప్పట్లు. నేను ముందు వరసలో కూర్చుని వీడియో తీసి ఇండియాకి పంపించేవాణ్ణి. మేం దానికి ఇచ్చింది చప్పట్ల తెలుగు. ఒళ్ళు బాగాలేనప్పుడు, కోపం వచ్చినప్పుడు, భయమేసినప్పుడు అక్కరకొచ్చే తెలుగు ఒకటుందనీ, అది క్లాసులో దొరకదనీ నాకు తట్టనే లేదు.

తెలుగులో ఉన్నన్ని నొప్పులు ఇంకెక్కడా లేవని నేను అనబోవడం లేదు. 1975లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ మెల్జాక్ అనే శాస్త్రవేత్త నొప్పిని కొలవడానికి ఒక ప్రశ్నావళి ప్రచురించాడు. అందులో నొప్పిని వర్ణించే ఇంగ్లీషు మాటలు 78 ఉన్నాయి. నొప్పి ఏ రకమో రోగి వాడే మాటని బట్టి కొంత తెలుస్తుందన్నది ఆయన ఆలోచన. అంటే అటు డాక్టరు దగ్గర 78 మాటలున్నాయి, ఇటు మా అమ్మ దగ్గర తీపు, పోటు, సలుపు, మంట, తిమ్మిరి, జివ్వు, కలుక్కు అన్నీ ఉన్నాయి. రెండొడ్డులా సరుకు పుష్కలంగానే ఉంది. మధ్యలో ఉన్నది మా అమ్మాయి. ఆ పిల్ల చేతిలో మేం పెట్టింది ఒక్క చెంచా.

పిల్ల సంగతి సరే, నా సంగతి కూడా చెప్పుకోవాలి. ఆపరేషనుకి ముందు సర్జన్ వచ్చి పావుగంట వివరంగా చెప్పాడు. నేను తలూపుతూ విన్నాను, అంతా అర్థమైనట్టే ఉంది. "ఏటంటన్నాడ్రా?" అంది అమ్మ. మొదలుపెట్టాను. పిత్తాశయం అంటే ఆవిడకి తెలీదు, గాల్‌బ్లాడర్ అంటే అసలే తెలీదు. "కాలేయం కింద చిన్న సంచీ ఉంటుందే. కొవ్వు అరగడానికి కావాల్సిన పసరు అందులో ఉంటుంది. ఆ పసరు గట్టిపడి రాళ్ళయింది, ఆ సంచీ తీసేస్తారు." "సంచీ తీసేస్తే పసరు ఎక్కడుంటాది మరి?" అంది అమ్మ.

నా దగ్గర సమాధానం లేదు. డాక్టరు చెప్పే ఉంటాడు, నేను తలూపే ఉంటాను. పరిగెత్తుకెళ్ళి ఆయన్ని మళ్ళీ అడిగాను. పసరు తయారయ్యేది కాలేయంలోనట, సంచీ దాచుకోడానికేనట, అది లేకపోతే కొంచెం కొంచెంగా నేరుగా పేగులోకి పోతుందట. వచ్చి చెప్తే అమ్మ "అయితే పర్లేదు" అని సంతకం పెట్టింది. ఇంగ్లీషులో విన్నప్పుడు నాకు అర్థమయిందనుకున్నదంతా ఉత్త పరిచయమేనని, తెలుగులో చెప్పబోతేగానీ తెలియలేదు. పాతికేళ్ళుగా డేటాబేసుల్లో బతుకుతున్నాను. నేను చేసే పని ఏమిటో అమ్మకి ఇప్పటికీ "కంప్యూటర్ల ఉద్యోగం" అనే చెప్పాను. నేను నా పనిని ఎంతవరకూ అర్థం చేసుకున్నానో మరి!

మాది పాతపట్నం. పక్కనే పర్లాకిమిడి, 1936లో ఒరిస్సా ఏర్పడ్డప్పుడు అటు పోయింది. ఆ పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులు గారు మేష్టరుగా పనిచేశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29 ని మనం తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటాం కదా. వాడుక భాష కోసం పోరాడాడని అందరికీ తెలుసు. అంతకు ముందే ఆయన చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకున్నారు. ఆ పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాశారు, బడులు పెట్టారు. 1931లో సవర భాష మీద ఆయన పుస్తకం, 1938లో నిఘంటువు వచ్చాయి. ఇంట్లో నోట్లో ఆడే మాటకీ బడిలో పుస్తకంలో ఉండే మాటకీ మధ్య గోడ కడితే చదువు ఎక్కదని ఆయన జీవితమంతా చెప్పింది. మనం ఆయన పుట్టినరోజున పిల్లలకి పట్టుపంచెలు కట్టి, అర్థం తెలియని పద్యాలు చదివిస్తున్నాం. ఆయన చూస్తే ఏమనేవారో!

ఇంతకీ, అమెరికాలో తెలుగు పెరుగుతోందా తగ్గుతోందా? 2010 నుంచి 2017 వరకూ ఇక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళు 86 శాతం పెరిగారనీ, నాలుగు లక్షలు దాటారనీ 2018లో వార్త వచ్చినప్పుడు మేమంతా ఫార్వర్డులు చేసుకుని మురిసిపోయాం. ఆ లెక్కకి మూలం సెన్సస్ వాళ్ళ సర్వేలో ఒక ప్రశ్న: ఇంట్లో ఇంగ్లీషు కాక వేరే భాష మాట్లాడతారా? ఆ ఫారం మా ఇంటికొస్తే మా అమ్మాయి పేరు పక్కన అవునని నేనే రాస్తాను. అంబులెన్సులో ఏం జరిగిందో అడిగే గడి అందులో లేదు.

ఇండియాలో ఉన్నవాళ్ళకి మాత్రం నేను నీతులు చెప్పను. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడులన్నిట్లో ఇంగ్లీషు మీడియం పెడతామన్నప్పుడు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ ఉత్తర్వులు కొట్టేసినప్పుడు, ఇక్కడి మా గ్రూపుల్లో తెలుగు చచ్చిపోతోందని గుండెలు బాదుకున్నవాళ్ళున్నారు. ఇంగ్లీషు పెట్టిన అన్నం తింటూ, కూలివాళ్ళ పిల్లలకి మాత్రం అది వద్దని చెప్పే ముఖం నాకు లేదు. నేను అడిగేది చిన్నది: ఏ మీడియంలో చదివినా, చదివింది ఇంటికొచ్చి అమ్మకి చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ చదువు ఇంకా పూర్తి కాలేదన్నమాట.

భాషకి పని కావాలి. మా ఇంట్లో ఇప్పుడు పని పెట్టాం. అమ్మ కోలుకున్నాక నాన్నమ్మా మనవరాలూ కూర్చుని నొప్పుల పేర్లన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించారు. ఆ తర్వాత పోపు వెయ్యడం, 'దోరగా' అంటే ఎంత ఎరుపో, 'చిటికెడు' ఎవరి వేళ్ళతోనో. మార్చిలో, వచ్చిన చుట్టాలందర్నీ తీసుకెళ్ళే ఇక్కడి విమానాల మ్యూజియానికి అమ్మనీ తీసుకెళ్ళాం. 39 సార్లు అంతరిక్షానికి వెళ్ళొచ్చిన డిస్కవరీ 2012లో అక్కడికి చేరింది. అదేమిటో నాన్నమ్మకి నువ్వే చెప్పమన్నాను మా అమ్మాయిని. తిరిగొచ్చేటప్పుడు వేడికి కాలిపోకుండా దానికి ఒళ్ళంతా పెంకులు అంటించారని చెప్పడానికి అది నానా తిప్పలూ పడింది. "ఇసుకలో ఉండేదాంతోనే చేస్తారు నాన్నమ్మా" అంది. "మన పెంకుటిల్లు లాగన్నమాట" అంది అమ్మ. "ఒకటి ఊడితే?" అని కూడా అడిగింది. ఆ ప్రశ్నకి మా అమ్మాయి ఇంటికొచ్చి రెండు గంటలు చదువుకుంది.

అమ్మ వెళ్ళిపోయింది. ఆదివారం ఫోన్లో ఇప్పుడు "బాగున్నావా, బాగున్నాను" తో సరిపెట్టడం లేదు, ఏదో ఒక పని మీదే మాట్లాడాలని నియమం. మొన్న ఆదివారం పొద్దున్న తెలుగు క్లాసుకి టైమవుతుంటే మా అమ్మాయి దుప్పట్లోంచి తల బయటపెట్టి, "తల ఒకటే సలుపు నాన్నా, ఇవాళ మానేస్తా" అంది.

అబద్ధమని తెలుస్తూనే ఉంది. అయినా మానెయ్యనిచ్చాను.

మీ ఇంట్లో పిల్లలు అలిగితే ఏ భాషలో అలుగుతారు?