మూలం కనబడితే చాలదు, తెరిచి చూడండి

తెలుగు వికీపీడియాలో రాసేవారికి అత్యవసరంగా ఒక మాట. చాట్‌బాట్‌ను అడిగితే అది చెప్పిన పుస్తకం పేరు, పుట సంఖ్య తెచ్చి, ఆ పుస్తకం అట్ట కూడా చూడకుండానే వ్యాసం కింద మూలంగా తగిలిస్తున్నట్లయితే ఇవాళే మానండి. లేని పుస్తకానికి రచయితనూ, ప్రచురణ సంస్థనూ, ముద్రణ సంవత్సరాన్నీ పుట్టించడం ఆ యంత్రాలకు క్షణంలో పని.

ఈ యంత్రాలు రాకముందే ఇలాంటి మోసం ఎంత దూరం నడిచిందో చూడండి. 2007లో ఇంగ్లీషు వికీపీడియాలో గోవాలోని బిచోలిం పేరుతో ఒక వ్యాసం వెలిసింది. 1640-41లో పోర్చుగీసులకూ మరాఠా సామ్రాజ్యానికీ జరిగిన యుద్ధమట! పొడుగాటి వ్యాసం, కింద బారెడు మూలాలు. కొన్ని నెలల్లోనే దానికి ‘మంచి వ్యాసం’ హోదా దక్కింది. 2012 చివర్లో ఒక వాడుకరి పనిగట్టుకుని ఆ మూలాలను వెతికితే ముఖ్యమైన పుస్తకాలేవీ ఎక్కడా లేవు. యుద్ధమూ లేదు. అసలు శివాజీ పట్టాభిషేకం జరిగిందే 1674లో. 1640 నాటికి ఆయన చిన్నపిల్లవాడు. బడిపిల్లలకు రావలసిన ఈ సందేహం అయిదేళ్లపాటు ఆ వ్యాసాన్ని కదిలించలేదు. మూలాల అంకెలు వరసగా కనబడితే చదివేవాడి అనుమానం నిద్రపోతుంది మరి.

పత్రికలో వచ్చింది కదా అంటారా? 2009లో సంగీత దర్శకుడు మోరిస్ జార్ మరణించినప్పుడు, ఐర్లండు విద్యార్థి ఒకరు ఆయన అన్నట్లుగా ఒక కల్పిత వాక్యాన్ని వికీపీడియాలో చేర్చాడు. మూలం లేదని అక్కడివాళ్లు తీసేశారు. ఈలోపే దాన్ని ఎత్తిరాసుకున్న పత్రికలు కొన్ని నివాళి వ్యాసాల్లో అచ్చేశాయి. రేపు ఆ పత్రికనే మూలంగా చూపితే అబద్ధానికి అబద్ధమే సాక్షి అవుతుంది.

ఇంగ్లీషులో చూసే కళ్లు ఎక్కువ. మన దగ్గర తక్కువ కాబట్టి తప్పు ఏళ్లకేళ్లు కదలదు. ఇంగ్లీషు వ్యాసాన్ని అనువదించేటప్పుడు మూలాలు కూడా వెంటే వచ్చేస్తాయి. అవి చదివినవాళ్లు ఎందరు? నిజమైన మూలం కూడా అన్నిటికీ పనికిరాదు. ఊళ్ల వ్యాసాలకు 2011 జనగణన పుస్తకం మంచి మూలమే, కానీ ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో అది చెప్పదు. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు మారాయి. అందుకు ప్రభుత్వ ఉత్తర్వు చూడాలి. గుడి వయసుకు స్థలపురాణాన్ని ఆధారం చేయకండి. ‘స్థలపురాణం ప్రకారం’ అని రాసి, కాలనిర్ణయానికి శాసనాల సంపుటం వెతకండి. సినిమా వసూళ్లకు నిర్మాత పోస్టరు మూలం కానే కాదు (అభిమానులు కోప్పడినా సరే).

బతికున్న మనిషి మీద కేసు, ఆరోపణ లాంటివి గట్టి మూలం లేకుండా కనబడితే చర్చ కోసం ఆగకండి, ముందు తీసేయండి. మిగతా వాటికి మూలం కావాలని గుర్తు పెట్టి చర్చా పేజీలో అడగండి. ఈ వారం మీరు చేర్చిన మూలాలను మళ్లీ తెరవండి. పుస్తకమైతే ఆ పుట, వార్తయితే ఆ వాక్యం మీ కంటికి కనబడాలి. కనబడనిదాన్ని మీరే తొలగించండి.