సిగ్నల్ లేని గుంపుకు వైఫై ప్రాజెక్టు ఎవరి కోసం?

పోస్టు పొడుగే, కోపం వచ్చినా చివరిదాకా చదవండి.

ఫైనలియర్ ప్రాజెక్టు అనగానే మనవాళ్లు వాగు నీటిమట్టం చెప్పే సెన్సర్ అంటారు. ఆలోచన మంచిదే. కానీ బోర్డులో వైఫై ఉంది కాబట్టి వైఫైయే వాడతారు. ల్యాబ్‌లో ఫోన్ హాట్‌స్పాట్ పెడితే పనిచేస్తది, మార్కులు పడతాయి. అదే పెట్టెను చర్ల, దుమ్ముగూడెం అడవి గుంపుకు తీసుకుపోతే కనెక్ట్ అవ్వడానికి రౌటర్ ఏది? మరి ఆ ప్రాజెక్టు వాగు కోసమా, ఎగ్జామినర్ కోసమా?

"సిమ్ వేస్తాం అన్నా" అంటారు. చవకగా దొరికే మాడ్యూల్ 2జీది. జియోకు 2జీయే లేదు. ముందు మీ గుంపులో ఏ కంపెనీ సిగ్నల్, ఏ జీ వస్తుందో నడిచి చూడండి.

"టవర్లు వస్తున్నాయి కదా" అనేవాళ్లూ ఉన్నారు. సిగ్నల్ లేని 24,680 గ్రామాలకు 4జీ ఇస్తామని 2022 జులైలో కేంద్రం 26,316 కోట్లు మంజూరు చేసింది. టవర్ మన హక్కు, కొట్లాడుదాం. కానీ వరదలో కరెంటు పోతే, బ్యాటరీ, డీజిలు ఉన్నంతసేపే టవర్. హెచ్చరిక కావాల్సింది సరిగ్గా ఆ రాత్రే. అదే 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు! గోదావరిని కొలవడానికి భద్రాచలంలో మనుషులున్నారు. మన గుంపు పక్క వాగును ఎవరు కొలుస్తున్నారు?

నా వాదన ఒక్కటే. ఇలాంటి చోట లోరా వాడండి. 865-867 మెగాహెర్ట్జ్ బ్యాండుకు మన దేశంలో 2005 నుంచి లైసెన్సు అక్కర్లేదు. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ కంటే ఈ తరంగం పొడవు, తడి ఆకుల మధ్య తక్కువ నష్టపోతుంది. రెండు మాడ్యూళ్లు చాలు: ఒకటి వాగు దగ్గర, ఒకటి గుంపులో సైరన్‌కు. మధ్యలో ఇంటర్నెట్ లేదు, రీఛార్జి లేదు. కొనేటప్పుడు 915 మాడ్యూల్ తేవద్దు, అది అమెరికా బ్యాండు.

లోరా మంత్రం కాదు. ఫొటోలు పోవు, నాలుగు అంకెలు పోతాయంతే. గుట్ట అడ్డమొస్తే ఆగిపోతది, ఎత్తైన చోట ఇంకో పెట్టె పెట్టాలి. గంటకోసారి "బతికే ఉన్నా" అని పంపించాలి. పంపకపోతే గుంపులో ఎర్రలైటు వెలగాలి. లేకపోతే చెడిపోయిన పెట్టెను నమ్ముకుని పడుకుంటాం.

ఎక్కడ పెట్టాలో గ్రామసభలో అడగండి, వాగు ఎటునుంచి పొంగుతదో పెద్దలకే తెలుసు. ఐటీడీఏను ల్యాప్‌టాప్‌లే కాదు, ఆశ్రమ పాఠశాలల మిద్దెల మీద యాంటెన్నాకు చోటు కూడా అడుగుదాం.

ఇక మీదట ఎవరైనా ప్రాజెక్టు వీడియో పెడితే నేనడిగేది ఒక్కటే: తమ్ముడూ, చెల్లే, ఇది మన ఊళ్లో వానాకాలం రాత్రి మోగుతదా?

జై ఆదివాసీ!