మైనారిటీ అంటే మైనరు కాదు

'మైనారిటీ' అన్న ఇంగ్లీషు మాట మన ఇళ్లలోకి వచ్చి చాలాకాలమైంది. బడి దరఖాస్తులోనూ, పత్రికలోనూ, ఎన్నికల ఉపన్యాసంలోనూ అది ఉంటుంది. మనం రాయవేలూరు అని పిలుచుకొనే వేలూరులో ప్రభుత్వ కార్యాలయపు పలకమీద దాని తమిళరూపం 'సిరుపాన్మై' కనబడుతుంది. అయినా ఆ మాట తమకూ చెందుతుందని వేలూరు, గుడియాత్తం తెలుగు కుటుంబాలలో చాలామంది అనుకోవడం లేదు. భాషాహక్కుల పనిమీద తిరిగేటప్పుడు నాకు తరచుగా వినవచ్చే జవాబులు మూడు. "మేము హిందువులం గదా, మైనారిటీ ఎట్లవుతాము?" అని కొందరు. "మేమేమీ తక్కువవాళ్లం కాదు" అని మరికొందరు. "తాతముత్తాతల నాటినుంచి ఇక్కడే ఉన్నాము, నిన్నమొన్న వచ్చినవాళ్లమా?" అని ఇంకొందరు. మూడు జవాబులూ నిజాయితీగా చెప్పినవే. మూడూ ఒకే మాటను తప్పుగా అర్థం చేసుకోవడం వల్ల పుట్టినవే. ఆ తప్పు అర్థానికి మూల్యం చెల్లిస్తున్నది మన పిల్లలు. కనుక ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవడం పండితుల కాలక్షేపం కాదు, మన అవసరం.

మాట నడచివచ్చిన దారి

లాటిన్ భాషలో 'మినోర్' అంటే 'మరింత చిన్నది' అని అర్థం. మన లెక్కల్లోని 'మైనస్' ఆ కుదురుదే. 'మినిస్టరు' కూడా ఆ కుదురుదే. లాటిన్‌లో 'మినిస్టెర్' అంటే సేవకుడు, ఇతరులకంటె చిన్న స్థానంలో నిలిచి పనిచేసేవాడు. నేటి మంత్రులను చూసినవారికి ఇది నమ్మశక్యంగా ఉండకపోవచ్చు. దీనికి ఎదురుగా ఉన్న 'పెద్ద' అనే కుదురునుంచి 'మేజరు', 'మేయరు', 'మెజారిటీ' వచ్చాయి.

16వ శతాబ్దపు ఇంగ్లీషులో 'మైనారిటీ' అంటే ప్రధానంగా వయసు నిండని స్థితి. 18వ శతాబ్దంలో, ఒక సభలో తక్కువ సంఖ్యలో ఉన్న పక్షం అన్న అర్థం చేరింది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఐరోపాలో సరిహద్దులు తిరగగీసినప్పుడు లక్షలాది జనం తాము కదలకుండానే కొత్త రాజ్యాలలో తేలారు. వారి భాషకూ మతానికీ రక్షణ కల్పించడానికి ఒప్పందాలు కుదిరాయి. 1919 జూన్ 28న పోలండుతో జరిగినది వాటిలో మొదటిది. భాష, మతం వేరైన జనసముదాయం అన్న నేటి అర్థం ఆ కాలంలోనే స్థిరపడింది.

మన దగ్గర చిక్కంతా మొదటి అర్థం, 'మైనరు', ముందుగా వచ్చి పాతుకుపోవడంలో ఉంది. 1875 నాటి మెజారిటీ చట్టం 18 ఏళ్లు నిండనివానిని మైనరుగా నిలిపింది. జమీందారు చనిపోయి వారసుడు పసివాడైతే ఎస్టేటును కోర్ట్ ఆఫ్ వార్డ్స్ నడిపేది. ఆస్తి ఉండి బాధ్యత లేని విలాసపురుషుణ్ణి తమిళులూ మనమూ కూడా 'మైనరు' అనే అన్నాం. ఇలాంటి చోట 'మైనారిటీ' అనగానే ఎదగనివాడు, ఒకరి సంరక్షణలో ఉండవలసినవాడు అన్న భావం స్ఫురించడం సహజం. దానికి మనం చేసుకున్న అనువాదం 'అల్పసంఖ్యాకులు'. 'అల్పుడు' అన్నది తిట్టు అయిన భాషలో ఆ మాటను ఎవరు ఇష్టపడి తలకెత్తుకుంటారు?

న్యాయశాస్త్రం ఈ రెండు మాటలనూ విడదీసి చూస్తుంది. మైనరు తానుగా దావా వేయలేడు, అతని తరఫున మరొకరు వేయాలి. భాషా మైనారిటీకి అలాంటి సంరక్షకుడెవరూ అక్కరలేదు. తన హక్కును తానే అడుగుతుంది. మైనరు స్థితి 18వ పుట్టినరోజున ముగుస్తుంది. భాషా మైనారిటీ హక్కు ఆ భాష మాట్లాడేవారు ఉన్నంతకాలం ఉంటుంది. ఇది సంఖ్యను చెప్పే మాటే తప్ప స్థాయిని చెప్పే మాట కాదు.

మూడు జవాబులకు మూడు సమాధానాలు

మొదటిది మతం సంగతి. 1992 నాటి జాతీయ మైనారిటీల కమిషన్ చట్టం కింద ముస్లిములు, క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, పార్సీలు, 2014 నుంచి జైనులు మైనారిటీలుగా ప్రకటితులయ్యారు. పత్రికల్లో ఎక్కువగా వినబడేది ఆ జాబితాయే కాబట్టి మైనారిటీ అంటే మతమేనని జనం అనుకున్నారు. కాని రాజ్యాంగం 30వ అధికరణం 'మతం లేక భాష ప్రాతిపదికగా' అని స్పష్టంగా చెబుతున్నది. తమిళనాడులోని తెలుగు హిందువు మతంరీత్యా మెజారిటీ, భాషరీత్యా మైనారిటీ. మన పొరుగున పేర్ణాంబట్టు, ఆంబూరు, వాణియంబాడిలలోని ఉర్దూ కుటుంబాలు రెండు విధాలా మైనారిటీలే. వారు ఆ మాటను చూసి సిగ్గుపడలేదు. ఉర్దూ బడులను నిలుపుకున్నారు. వారినుంచి మనం నేర్చుకోవలసింది ఉంది.

రెండవది 'తక్కువవాళ్లం కాదు' అన్న మాట. నిజమే, కాదు. ఈ మాటకు సంపదతోగాని, కులంతోగాని, పలుకుబడితోగాని సంబంధం లేదు. రాజ్యాంగం మైనారిటీకి నిర్వచనం ఇవ్వలేదు. 1958లో కేరళ విద్యాబిల్లుపై సుప్రీంకోర్టు చెప్పిన అభిప్రాయం, 2002 అక్టోబరు 31న టి.ఎం.ఎ. పాయ్ కేసులో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పు ఆ లోటు తీర్చాయి. వాటి సారాంశం ఇది: లెక్కలో సగానికి తక్కువ ఉండాలి, ఆ లెక్క రాష్ట్రాన్ని బట్టి వేయాలి. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పినవారు సుమారు 42 లక్షల 34 వేలు, అంటే నూటికి 5.87 మంది.

మూడవది వలస సంగతి. 1911 దాకా చిత్తూరూ గుడియాత్తమూ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి, దాని కేంద్రం చిత్తూరే. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం వేరుపడింది. పటాస్కర్ సిఫారసుల మేరకు 1960 ఏప్రిల్ 1న సరిహద్దు మళ్లీ సర్దుబాటయింది. పరదరామి ఇవతల ఉన్న అక్క మైనారిటీ, చిత్తూరులో కాపురమున్న చెల్లెలు మెజారిటీ. ఇద్దరూ మాట్లాడేది ఒకే తెలుగు. గీత కదిలింది గాని మనుషులు కదలలేదు. కదిలి వచ్చినవారికైనా హక్కు పోదు. 29వ అధికరణంపై 1948 డిసెంబరు 8న రాజ్యాంగసభలో మాట్లాడుతూ అంబేడ్కర్ చెప్పినది సరిగ్గా ఇదే. మద్రాసునుంచి వెళ్లి బొంబాయిలో స్థిరపడినవారికీ, మహారాష్ట్రనుంచి వెళ్లి బెంగాలులో ఉన్నవారికీ తమ భాషాసంస్కృతులను కాపాడుకొనే హక్కు ఉండాలన్నారు.

మాటను వదిలితే పోయేది ఏమిటి?

1956లో చేర్చిన 350-ఎ అధికరణం భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించే బాధ్యతను రాష్ట్రంపైనే కాదు, ప్రతి స్థానిక సంస్థపైనా పెట్టింది. అంటే వేలూరు నగరపాలక సంస్థా, గుడియాత్తం పురపాలక సంఘమూ కూడా దానికి జవాబుదారులే. తరగతిలో 10 మంది గాని, బడిలో 40 మంది గాని ఆ భాషవారుంటే ఉపాధ్యాయుణ్ణి నియమించాలన్నది 1949 నుంచి ఉన్న సూత్రం. అయితే ఆ 10 మంది ఉన్నారని రాసి ఇవ్వవలసింది తల్లిదండ్రులే. 'మేము మైనారిటీ కాము' అని తప్పుకున్న ఇంటి బిడ్డ ఆ లెక్కలోకి రాడు. లెక్క తగ్గితే ఉపాధ్యాయుడు రాడు, ఉపాధ్యాయుడు లేకపోతే తెలుగు తరగతి మూతపడుతుంది. అటుపైన "అడిగేవారే లేరు" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది.

2006 నాటి చట్టం పదవ తరగతి వరకు తమిళాన్ని దశలవారీగా తప్పనిసరి చేసింది. తమిళం నేర్వడానికి మనకు అభ్యంతరం లేదు. ఇక్కడ బ్రతికేవారికి అది కావాలి, అది గొప్ప భాష కూడా. తమిళంతోపాటు తెలుగు ఉండాలన్నదే మన కోరిక. చిత్తూరు, నగరి, కుప్పం ప్రాంతాల తమిళులకు ఆంధ్రప్రదేశ్‌లో ఇదే హక్కు ఉంది. అక్కడ వారి బడి మూతపడుతుంటే మనం మౌనంగా ఉండి, ఇక్కడ మన బడికోసం గొంతెత్తడం న్యాయం కాదు.

2021లో జరగవలసిన జనగణన వాయిదాపడింది. కొత్త జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్రం 2025లో ప్రకటించింది. మాతృభాష అంటే చిన్నతనంలో తల్లి మీతో మాట్లాడిన భాష అన్నదే జనగణన నియమం. మీకు చదవను రాయను వచ్చిన భాష కాదు, అంగట్లో మాట్లాడే భాష కాదు. మీరు చెప్పిన పేరునే గణకుడు రాసుకోవాలి. ఇంట్లో ప్రతి ఒక్కరి వరుసలోనూ 'తెలుగు' అని రాయించండి, రాశారో లేదో అడిగి తెలుసుకోండి. బడిలో చేర్చేటప్పుడు మాతృభాష గడిని ఖాళీగా వదలకండి. మీ వీధిలో పదిమంది పిల్లల తల్లిదండ్రులు కలిసి ఒక అర్జీ రాసి, దాని నకలుపై అందినట్లు ముద్ర వేయించుకోండి. తక్కువమంది ఉన్నవారి హక్కుకు లెక్కే పునాది కాబట్టి ఆ లెక్కలో ఒక్క పేరూ జారిపోకుండా చూసుకోవాలి.