చత్వారం ఒక్కటే అనుకోకండి

నలభై దాటిన ఆడవాళ్లం నలుగురం కలిస్తే మోకాళ్ల నొప్పుల మాట వస్తుంది, థైరాయిడ్ మాట వస్తుంది, కళ్ల మాట మాత్రం రాదు. సూదిలో దారం ఎక్కకపోతే పిల్లల్ని పిలుస్తాం. బియ్యంలో రాళ్లు కనబడకపోతే చాట పట్టుకుని వాకిట్లోకి వస్తాం. మందు డబ్బా మీద తేదీ చదవాలంటే చేయి చాచి దూరంగా పెట్టి చూస్తాం. ఆ చేయి కూడా చాలనప్పుడు బజారులో రెడీమేడ్ కళ్లద్దాలు కొని తెచ్చుకుంటాం. ఇక కళ్ల పని అయిపోయిందనుకుంటాం. నలభై దాటిన ప్రతి ఆడమనిషీ ఒక్కసారైనా పూర్తి కంటి పరీక్ష చేయించుకోవాలని, అద్దాలు కొనుక్కోవడం దానికి బదులు కాదని నేనంటాను.

దగ్గరివి మసకబారడానికి మన భాషలో చక్కని మాటే ఉంది, చత్వారం. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. ఆ వయసుకి కంటిలోపలి కటకం బిరుసెక్కి, దగ్గరి వస్తువు మీదికి చూపు సర్దుకోలేకపోతుంది. ఇది జబ్బు కాదు, అందరికీ వచ్చేదే. రెడీమేడ్ అద్దాలతో కళ్లు పాడవుతాయని కూడా నేననను. కాకపోతే వాటిలో రెండు కళ్లకూ ఒకే నంబర్ ఉంటుంది, మన రెండు కళ్లూ ఒకేలా ఉండాలని లేదు. పైగా అక్షరాలు కనబడుతున్నాయి కదా అని డాక్టర్ దగ్గరికి పోవడమే మానేస్తాం. అసలు నష్టం అక్కడుంది.

మనం ఆస్పత్రికి పోక కాదు. మామగారికి శుక్లం ఆపరేషన్ అయితే తోడు పోయేది మనమే. పిల్లకు బోర్డు కనబడటం లేదని టీచర్ చెబితే తీసుకుపోయేది మనమే. ఆ కుర్చీలో కూర్చోవడానికి మాత్రం మన వంతు రాదు. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు మొదలైనప్పుడు, మళ్లీ 2023 జనవరి 18న ఖమ్మంలో రెండో విడత మొదలుపెట్టి వంద రోజుల లెక్కన ఊరూరా శిబిరాలు పెట్టినప్పుడు ఆడవాళ్లు వరుస కట్టారు. బస్సు ఎక్కే పని లేదు, ఎవరినీ అడిగే పని లేదు, పరీక్షే మన వాడకు వచ్చింది. ఎంతోమంది చదివే అద్దాలు అక్కడికక్కడే తెచ్చుకున్నారు. మంచి పని. కానీ శిబిరంలో చేసేది మొదటి వడపోత. దాంతోనే జన్మకు సరిపడా పరీక్ష అయిపోయిందనుకుంటేనే చిక్కు.

పూర్తి పరీక్ష అంటే చాలామందికి లోపల ఒక భయం ఉంది. కంట్లో ఏం పొడుస్తారో, చదవలేకపోతే ఏమనుకుంటారో అని. అక్కడ ఏం జరుగుతుందో ముందే తెలిస్తే సగం భయం పోతుంది. పరగడుపున పోనక్కరలేదు, సూది గుచ్చరు. ముందు షుగర్, బీపీ ఉన్నాయా, ఏ మందులు వాడుతున్నారు, ఇంట్లో ఎవరికైనా కంటి జబ్బులున్నాయా అని అడుగుతారు. తర్వాత ఒక మిషను ముందు గదుమ ఆనించి లోపలి బొమ్మను చూడమంటారు. అది నంబర్‌ను సుమారుగా చెబుతుంది.

ఆ తర్వాత అక్షరాల పట్టిక. 1862లో స్నెలెన్ అనే డచ్ డాక్టర్ చేసిన పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. చీటీలో 6/18 అని రాశారనుకోండి, మంచి చూపున్నవాళ్లు 18 మీటర్ల నుంచి చదివేది మనకు 6 మీటర్ల దగ్గరికి వస్తే గానీ కనబడటం లేదని అర్థం. చదువు రానివాళ్లకు అంకెలు, గుర్తులు ఉన్న పట్టికలుంటాయి, సిగ్గుపడాల్సిన పని లేదు. దగ్గరి చూపుకు చేతికి ఒక కార్డు ఇస్తారు. తెలుగు కార్డు ఉంటే అడిగి తీసుకోండి. ధకూ థకూ తేడా పొట్టలో చుక్క ఒక్కటే, ఆ చుక్క తేటగా కనబడుతోందో లేదో మీకే తెలుస్తుంది. బరువైన ఫ్రేము పెట్టి, అద్దాలు మార్చి మార్చి ఇది బాగుందా, అది బాగుందా అంటారు. అందులో తప్పు జవాబంటూ లేదు. రెండూ ఒకటే అనిపిస్తే ఒకటే అనండి. వాళ్ల మొహం చూసి అవునంటే తప్పు నంబర్‌తో ఇంటికొస్తాం.

చాలామంది ఇక్కడికే లేచి వచ్చేస్తారు. అసలు పరీక్ష దీని తర్వాతే ఉంటుంది. కంటి లోపలి ఒత్తిడి చూస్తారు. కొన్నిచోట్ల కంటి మీదికి ఫుస్సుమని గాలి కొడతారు, ఉలిక్కిపడతాం గానీ నొప్పి ఉండదు. ఇంకొన్నిచోట్ల మొద్దుబార్చే చుక్క వేసి నీలం దీపంతో కొలుస్తారు. మామూలుగా అది 10 నుంచి 21 లోపు ఉంటుంది. తర్వాత కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తారు. కాస్త మండుతాయి, అరగంట కళ్లు మూసుకుని కూర్చోవాలి. అప్పుడు దీపం వేసి కంటి వెనక పొరను, నరాన్ని చూస్తారు. ఒంట్లో కోత లేకుండా రక్తనాళాలను నేరుగా చూడగలిగేది అక్కడే. షుగర్, బీపీ చేసిన చెడుపు అక్కడ బయటపడుతుంది.

ఇదెందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, చూపు తీసేసే జబ్బుల్లో కొన్నింటికి మొదట్లో నొప్పి ఉండదు, మసక ఉండదు. మా వీధిలో ఒక పెద్దమ్మ ఏడాదిగా తలుపు రెక్కలకు భుజం తగిలించుకుంటుంటే వయసు మీద పడిందన్నారు. పక్కన పెట్టిన చెంబు తన్నితే పరధ్యానమన్నారు. ఎదురుగా ఉన్నది బాగానే కనబడుతుండేది, రెడీమేడ్ అద్దాలతో పేపరు చదివేది. చివరికి పరీక్ష చేయిస్తే నీటికాసులని తేలింది. ఒక కంటికి పక్క చూపు అప్పటికే పోయింది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలుపుకోవడానికి రోజూ చుక్కలు వేసుకోవాల్సిందే. రెండేళ్ల ముందు ఒత్తిడి చూసి, నరం చూసి ఉంటే ఆ పక్క చూపు ఎంతో కొంత దక్కేది.

మన మోత్కూరు నుంచైతే బీబీనగర్ ఎయిమ్స్ ఉంది, హైదరాబాద్ మెహదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆస్పత్రి ఉంది, రెండూ సర్కారువే. ఒక పూట ఖర్చవుతుంది, అంతే. పాత అద్దాలు, మందుల చీటీలు పట్టుకుపోండి. చుక్కల తర్వాత నాలుగైదు గంటలు చూపు మసకగా ఉంటుంది, ఎండ గుచ్చుతుంది, కాబట్టి స్కూటీ మీద ఒంటరిగా పోకండి. చీటీలో నంబర్ ఒక్కటే రాసిస్తే, ఒత్తిడి చూశారా, చుక్కలు వేసి లోపల చూశారా అని నోరు తెరిచి అడగండి. నలభై దాటాక రెండేళ్లకోసారి, షుగర్ ఉంటే ఏడాదికోసారి చాలు. ఇన్నాళ్లూ తోడు పోయిన మనం, ఈసారి తోడుకు ఒకరిని పిలుచుకుని పోదాం.