కాంగ్రెస్ జారవిడిచిన పగ్గాలు

1787 జూన్ 1న ఫిలడెల్ఫియాలో, అమెరికా రాజ్యాంగం రాయడానికి కూర్చున్న సభ ఉన్నట్టుండి మూగబోయింది. పాలనాధికారం ఒక్క మనిషి చేతిలో పెడదామని జేమ్స్ విల్సన్ ప్రతిపాదించాడు. ఎవరూ నోరు విప్పలేదు. ఆ ఒక్కడు ఎవరవుతాడో అందరికీ తెలుసు. ఆయన అదే సభలో ఉన్నాడు. జార్జ్ వాషింగ్టన్ ఎదుట ఆ అధికారానికి హద్దులు గీయడమంటే ఆయన్నే శంకించినట్టు! ఇది ముఖ్యమైన సంగతి, మాట్లాడండని చివరికి వృద్ధుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ అడగాల్సి వచ్చింది. ఇందులో రాచరికం పిండంగా ఉందని వర్జీనియా ప్రతినిధి ఎడ్మండ్ రాండాల్ఫ్ హెచ్చరించాడు. మూడు రోజుల తర్వాత ఏడు రాష్ట్రాలు అవునంటే మూడు కాదన్నాయి. చాలామంది వాషింగ్టన్‌ను చూసుకునే అన్ని అధికారాలు ఇచ్చారని, లేకుంటే ఇచ్చేవారు కాదని సభ్యుడు పియర్స్ బట్లర్ మరుసటి ఏడాది ఒక ఉత్తరంలో రాశాడు.

మరి వాషింగ్టన్ దిగిపోయాక? దానికి వాళ్లు చూపిన భరోసా కాంగ్రెస్. యుద్ధం ప్రకటించడం, పన్ను వేయడం, ఖజానా తెరవడం మొదటి అధికరణంలోనే ఆ సభకు అప్పగించారు. తన అధికారాన్ని ఎవరు ముట్టుకున్నా సభ ఊరుకోదని, ఒకరి పదవీకాంక్షకు మరొకరి పదవీకాంక్షే అడ్డుకట్ట అని రాజ్యాంగ రచయితల్లో ఒకడైన జేమ్స్ మాడిసన్ లెక్క. ఆ లెక్కలో పార్టీ లేదు. రాజ్యాంగంలో రాజకీయ పార్టీల ప్రస్తావనే కనిపించదు. సభ్యుడికి తన సభ కంటే తన పార్టీ అధ్యక్షుడే ముఖ్యమైతే అడ్డుకట్ట ఎక్కడుంటుంది? అధ్యక్షుడు లాక్కోవడం కంటే కాంగ్రెస్ వదిలేయడమే అసలు ప్రమాదం.

ఇది ఒక్క పార్టీ జాడ్యమూ కాదు. కాంగ్రెస్ చివరిసారి యుద్ధం ప్రకటించింది 1942లో. ఆ ప్రకటన లేకుండానే 1950లో కొరియాకు సైన్యాన్ని పంపిన ట్రూమన్ డెమొక్రాట్. అధ్యక్షుడు విధించిన అత్యవసర పరిస్థితిని ఉభయ సభలు మామూలు మెజారిటీతో ఎత్తేయవచ్చని 1976 చట్టం చెప్పింది. అధ్యక్షుడి సంతకం లేని అలాంటి రద్దులు చెల్లవని 1983లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అప్పటినుంచి విధించడానికి ఒక్క సంతకం చాలు. ఎత్తేయాలంటే, వీటో పడితే, రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. 2019లో సరిహద్దు గోడ కోసం విధించిన అత్యవసర పరిస్థితిని ఉభయ సభలూ వద్దన్నాయి. ట్రంప్ వీటో చేశారు. దాన్ని తోసిపుచ్చడానికి ఓట్లు చాల్లేదు.

2025 ఆగస్టులో అలాంటి అత్యవసర పరిస్థితుల పేరిట అమెరికాలో భారత సరుకులపై సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఆ దెబ్బ భీమవరం రొయ్యల చెరువుల దాకా వచ్చింది. పన్ను వేసే హక్కు ఎవరిదో కోర్టులు తేల్చేదాకా చెరువులో రొయ్య ఆగదు.

ఆఖరి ఆయుధం అభిశంసన. ప్రతినిధుల సభ దాన్ని అధ్యక్షులపై నాలుగుసార్లు ప్రయోగించింది. సెనేట్ ఒక్కరినీ దోషిగా తేల్చలేదు. 2021లో, తాము కూర్చునే భవనం మీదే దాడి జరిగిన తర్వాత కూడా, దోషి అన్నవారు 57 మందే. కావలసింది 67.

ఉభయ సభలూ ఆమోదిస్తే తప్ప అత్యవసర పరిస్థితి 30 రోజులకు దానంతట అదే ముగిసిపోవాలని 2019లో రిపబ్లికన్ సెనేటర్ మైక్ లీ ఒక బిల్లు పెట్టారు. పోయిన పగ్గాలను తిరిగి చేతికిచ్చే ఆ బిల్లును కాంగ్రెస్ చట్టం చేయలేదు.